దొడ్లో పూడ్చిన తీగలు

పోయిన వేసవిలో మా దొడ్డి ప్రహరీ ఒక పక్కకి ఒరిగింది. పడగొట్టి కొత్తది లేపుదామని పునాది తీయిస్తుంటే మేస్త్రీ పలుగుకి ఏదో తగిలింది. "అయ్యో, కరెంటు వైరండీ" అంటూ ఒక్క గెంతున గోతిలోంచి బయటికొచ్చాడు. కరెంటు కాదు, నాదే, భయపడకు అని చెప్పి, చెప్పులు విడిచి నేను దిగాను.

గోతి అంచున నాలుగు వేళ్ళ లోతులో, నల్లమట్టిలో ఎర్రటి గీత ఒకటి కనబడింది. వేలు పెడితే కుంకుమలా రాలింది. అది నేను 1987లో పూడ్చిన ఇనప తీగ. దానికి జానెడు అవతల తెల్లటి పొడి, అందులో గోరంత లోహపు ముక్కలు. అది 1992 నాటి అల్యూమినియం. ఇంకొంచెం అవతల పాలరంగు చుట్టతో మరో తీగ. పలుగు దెబ్బకి పడ్డ చిన్న నొక్కు తప్పిస్తే నిన్న కొట్లో కొన్నట్టే ఉంది. దాన్ని 2005లో వేశాను. అల్యూమినియానికీ దీనికీ మధ్య కాలంలో వేసిన తీగ ఇంకొకటి ఉండాలి. దాని జాడ లేదు. ఎక్కడికి పోయిందో నాకు తెలుసు గానీ మేస్త్రీకి చెప్పలేదు.

నాకు బందరులో మోటారు వైండింగ్ షాపు ఉంది. రొయ్యల చెరువుల ఏరేటర్ మోటార్లు, పిండిమర మోటార్లు, నూజివీడు వైపు నుంచి బోరు మోటార్లు వస్తాయి. కాలిన కాయిలు కోసి తీయడం, కొత్త తీగ చుట్టడం, వార్నిష్ పోసి ఎండబెట్టడం నా పని. రాత్రిళ్ళు నేను హ్యామ్‌ని, అంటే సరదాకి సొంత రేడియో మీద మాట్లాడేవాణ్ణి. మోర్స్ కొట్టడం నేర్చుకుని, హైదరాబాదు వెళ్ళి పరీక్ష రాసి, 1986లో లైసెన్సు తెచ్చుకున్నాను. అప్పట్లో మాబోటి వాళ్ళకి 50 వాట్లు దాటకూడదు. 807 వాల్వు ఒకటి, పాత రేడియోల నుంచి ఊడదీసిన సామాను మరికొంత పెట్టి ట్రాన్స్‌మిటర్ కట్టుకున్నాను. ఏరియల్ దొడ్లో నిలబెట్టిన 10 మీటర్ల జీఐ పైపు. మేము వాడే 7 మెగాహెర్ట్జ్ తరంగం పొడవులో అది పావు వంతు.

పైపు నిలబెట్టగానే ఏరియల్ అయిపోయిందనుకున్నాను. ఆ పైపు సగమే. మిగతా సగం నేలలో ఉండాలి. పైపులోకి ఎక్కిన కరెంటు గాలిలో వలయం తిరిగి, చుట్టూ ఉన్న నేల మీదుగా మళ్ళీ పైపు మొదటికి రావాలి. మట్టి దానికి మంచి దారి కాదు. దారి పొడుగునా వేడెక్కి, పంపిన పవరులో సగం దాకా మింగేస్తుంది. మనం ఢిల్లీకి మాట పంపుతున్నామనుకుంటాం, దొడ్లో మట్టికి కాపడం పెడుతుంటాం. అందుకే పైపు మొదట్లో నుంచి బండిచక్రం ఆకుల్లా నలువైపులా తీగలు పరుస్తారు. వాటినే రేడియల్స్ అంటాం.

మోటారు మెకానిక్‌కి ఎర్త్ అంటే ఒకటే తెలుసు. మనిషి లోతు గొయ్యి, జీఐ పైపు, ఒక వరస ఉప్పు, ఒక వరస బొగ్గు, పైన నీళ్ళు. నేనూ అదే చేశాను. రెండు బస్తాల ఉప్పు పోశాను. ఏరియల్ వెనక్కి కొట్టే పవరుని చూపే మీటరు పెట్టి చూస్తే దివ్యంగా ఉంది. కానీ నా మాట గుంటూరు దాటలేదు.

ఆ మీటరు చేసిన మోసం నాకు చాలా ఏళ్ళకి గానీ అర్థం కాలేదు. పావు తరంగం నిలువు ఏరియల్‌కి నిజంగా పనిచేసే రెసిస్టెన్స్ 36 ఓములు. మన కేబులు 50 ఓములది. మట్టి నష్టం ఒక 14 ఓములు కలిస్తే లెక్క సరిగ్గా 50కి వస్తుంది, మీటరు ముల్లు నిద్రపోతుంది. ఎర్త్ బాగుపడే కొద్దీ ముల్లు లేస్తుంది. జ్వరం తగ్గుతుంటే థర్మామీటరు పెరిగినట్టన్నమాట! ఆ ముల్లుని నమ్ముకుని, బాగున్న తీగల్ని పీకేసిన వాళ్ళని నేనెరుగుదును.

ఇంతకీ ఈ ఎర్త్ పిచ్చి రేడియోకి ఎక్కడి నుంచి పట్టింది? టెలిగ్రాఫ్ నుంచి. 1838లో జర్మనీలో స్టైన్‌హైల్ అనే ఆయన నూరెంబర్గ్, ఫ్యూర్త్ ఊళ్ళ మధ్య రైలు పట్టాల మీదుగా సంకేతాలు పంపిద్దామని చూశాడు. పట్టాల్లోంచి కరెంటు నేలలోకి కారిపోయి ప్రయత్నం చెడింది. చెడిందని ఊరుకోకుండా, కారిన కరెంటు ఎటు పోతోందో చూశాడు. నేలే రెండో తీగగా పనికొస్తుందని తేలింది. దాంతో టెలిగ్రాఫ్‌కి రెండు తీగలు అక్కర్లేదు, పోయే తీగ ఒకటి చాలు, వచ్చేది భూమే చూసుకుంటుంది. సగం ఖర్చు మిగిలింది.

ఆ మరుసటేడే కలకత్తాలో ఈ పని జరిగింది. విలియం బ్రూక్ ఓషాగ్నెస్సీ అక్కడి మెడికల్ కాలేజీలో రసాయన శాస్త్రం చెప్పే డాక్టరు. 1839లో బొటానికల్ గార్డెన్ దగ్గర వెదురు గుంజల మీద ఇరవై మైళ్ళకి పైగా ఇనప తీగ కట్టి, హుగ్లీ నది నీళ్ళని కూడా ఆ వలయంలో కలిపాడు. తర్వాత 1851లో కలకత్తా నుంచి డైమండ్ హార్బర్‌కి లైను వేసినప్పుడు, తీగల బదులు అంగుళంలో మూడెనిమిదో వంతు మందం ఇనప కడ్డీలు వాడాడు. గాలివానలకి తెగకూడదు, కోతులు ఊగినా గద్దలు వాలినా కుంగకూడదు అని ఆయన లెక్క. నేలలోంచి పోయే చోట ఆ కడ్డీలకి తారు పట్టించిన మద్రాసు గుడ్డ రెండు చుట్లు చుట్టించి, పెంకుల మధ్య పడుకోబెట్టించాడు. కలంకారీ ఊళ్ళో పుట్టినవాణ్ణి గనక గుడ్డ మాట వస్తే నా చెవి అటే పోతుంది. నేలలో వేసే తీగకి ఏది తొడగాలి, ఏ ఇనుము ఎన్నాళ్ళుంటుంది అన్న ప్రశ్న ఈ దేశంలో అప్పటి నుంచీ ఉంది.

మార్కోనీ 1895లో బొలోన్యా దగ్గర తండ్రి ఇంటి తోటలో చేసిన మార్పు కూడా ఇదే. అప్పటిదాకా ఆయన పంపిన సంకేతం తోట దాటడానికి ఆయాసపడేది. ఒక కొసని గుంజెక్కించి, రెండో కొసని నేలలో పూడ్చాక గుట్ట అవతలికి, సుమారు రెండున్నర కిలోమీటర్లు పోయింది. టెలిగ్రాఫ్ వాళ్ళు ఎర్త్ ప్లేట్లు పూడ్చేవారు, ఈయనా పూడ్చాడు. ఎంత లోతైతే అంత మంచిదనుకున్నారు అందరూ, నా ఉప్పు గోతిలాగే.

టెలిగ్రాఫ్ కరెంటు మందగొడిది, భూమిలో ఎంత లోతుకైనా పరుచుకుని తిరిగొస్తుంది. రేడియో కరెంటుకి ఆ ఓపిక లేదు. 7 మెగాహెర్ట్జ్ కరెంటు మామూలు తడి నేలలో నిలువెత్తు లోతు దిగేసరికి మూడో వంతుకి పడిపోతుంది. సముద్రపు నీళ్ళలో బెత్తెడు దిగితేనే ఆ గతి. నేను మనిషి లోతున ఉప్పు పోస్తే, కరెంటు నా తల మీదుగా పోయింది. టెలిగ్రాఫ్‌కి భూమి ఒక తీగ మిగిల్చింది. రేడియో వాళ్ళు ఆ ఒక్క తీగకి బదులుగా వంద తీగలు పరిచి అప్పు తీర్చాల్సి వచ్చింది.

వంద అని మాటవరసకి అనలేదు. 1930లలో అమెరికాలో బ్రాడ్‌కాస్టింగ్ స్టేషన్లు నిలువు టవర్లకి మారుతున్నాయి. కింద ఎంత తీగ వేయాలో ఎవరికి తోచినంత వారు వేస్తున్నారు. ఆర్‌సీఏ కంపెనీలో జార్జ్ బ్రౌన్, ల్యూయిస్, ఎప్‌స్టీన్ అనే ముగ్గురు ఇంజినీర్లు న్యూజెర్సీలో ఒక పొలం పట్టి, 3 మెగాహెర్ట్జ్ మీద ఈ సంగతి తేల్చుకున్నారు. తీగలు రెండుతో మొదలుపెట్టి 15, 30, 60, చివరికి 113 దాకా పోయారు. పొడవు 45 అడుగులు, 90, 135. తీగల్ని అర అడుగు లోతున నాగలితో వేశారట. ఆ మాట చదివినప్పుడు నాకు భలే సంతోషం వేసింది. పెద్ద కంపెనీ ఇంజినీర్లు చాలు దున్ని రాగి విత్తారు. 113 తీగలు, 135 అడుగుల చొప్పున, నాలుగున్నర కిలోమీటర్లు దాటుతుంది. 1937 జూన్‌లో అచ్చయిన వాళ్ళ వ్యాసం మా వృత్తికి వేదం లాంటిది. అమెరికా ప్రభుత్వ నిబంధనల్లో నేటికీ 90కి తగ్గకుండా తీగలు వేయాలని, 120 వేస్తే శ్రేష్ఠమని ఉంది.

దాన్ని మన దగ్గరికి తెచ్చి చూద్దాం. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ ఆకాశవాణి ఇప్పుడు 837 కిలోహెర్ట్జ్ మీద వినబడుతుంది. దాని తరంగం సుమారు 358 మీటర్లు, పావు వంతు దాదాపు 90 మీటర్లు. వేదం ప్రకారం 120 వేస్తే పదిన్నర కిలోమీటర్ల పైచిలుకు తీగ కావాలి. రెండున్నర మిల్లీమీటర్ల రాగి అయితే అర టన్నుకి కాస్త అటూ ఇటూ తూగుతుంది. ప్రాంతీయ వార్తలు మన వంటింట్లోకి రావడానికి ఒక స్టేషను కింద అంత రాగి పడుకోవాలి.

బ్రౌన్ గురించి ఇంకొకటి చెప్పి ముందుకెళ్తాను. నేలకి పైన, గుంజ మీద పెట్టే పొట్టి ఏరియల్ ఒకటి ఆయన తయారుచేశాడు. దానికి అడుగున రెండు అడ్డకడ్డీలు సరిపోతాయని లెక్క కట్టాడు. రెండే ఉంటే అన్ని దిక్కులకీ సమానంగా పోతుందంటే కొనేవాళ్ళు నమ్మరని అమ్మకాల వాళ్ళు పట్టుబట్టి నాలుగు పెట్టించారు. ప్రపంచమంతా ఇప్పటికీ నాలుగే పెడుతోంది. నాకది వింతగా లేదు. మోటారు బాగు చేసి ఇస్తే, పైన ఎర్ర వార్నిష్ కనబడకపోతే మా రైతులు డబ్బులివ్వరు.

సరే, నా 1987 తీగ. ఉప్పు గొయ్యి బుద్ధి చెప్పాక, సెంట్రింగ్ వాళ్ళు వాడే కట్టుడు తీగ కిలోల లెక్కన కొన్నాను. చవక. ఎనిమిది తీగలు పరిచాను. ఆ వారమే కలకత్తా పలికింది. రెండు వర్షాకాలాలు గడిచాక గుంటూరు కూడా పలకడం మానేసింది. తవ్వి చూస్తే తీగ చేతికి రాలేదు, రంగు మాత్రం వచ్చింది. తర్వాత జింకు పూత ఉన్న కంచె తీగ వేశాను. అది మెరుగే. ఇనుము మీద జింకు పూత వేసే పద్ధతికి 1837లో ఫ్రాన్సులో సొరెల్ అనే ఆయన పేటెంటు తీసుకున్నాడు. జింకు ముందు తాను పోయి, ఇనుముని కాపాడుతుంది. రేడియోకి ఇందులో ఇంకో లాభం ఉంది. ఈ కరెంటు తీగ పైతోలు పట్టుకుని పాకుతుంది, లోపలికి దిగదు. 7 మెగాహెర్ట్జ్ దగ్గర రాగిలో ఆ తోలు మందం మిల్లీమీటరులో నలభయ్యో వంతు. జింకులో దానికి రెట్టింపు కన్నా కాస్త తక్కువ. కాబట్టి పూత ఉన్నంతకాలం కరెంటుకి దొరికేది ఎక్కువగా జింకే, ఇనుముతో పెద్ద పని పడదు. పూత పోయిన రోజు నుంచి అదే తీగ దండగ. ఇనుములో అయస్కాంత గుణం ఉంది గనక తోలు మరీ పల్చబడి, అడ్డు అనేక రెట్లు పెరుగుతుంది. కంటికి తీగ కనబడుతూనే ఉంటుంది, పని మాత్రం చేయదు.

1990 మే 9న తుపాను బందరు పక్కనే తీరం దాటింది. పైపు మూడు ముక్కలైంది. కంచె తీగలకి ఏమీ కాలేదు. ఆ తుపానులో వచ్చిన ఉప్పునీరు దొడ్లో రెండు రోజులు నిలిచింది. ఆ ఉప్పే తర్వాత రెండేళ్ళలో వాటి పని పట్టింది.

అల్యూమినియం కథ పొట్టిది. స్టెబిలైజరు ట్రాన్స్‌ఫార్మర్లలో వాడే అల్యూమినియం వైండింగ్ తీగ షాపులో మిగిలితే వేశాను. పైన ఎనామిల్ ఉంది కదా అనుకున్నాను. ఎనామిల్‌కి పడ్డ ప్రతి గీతా చవుడుకి తలుపైంది. క్షారం ఉన్న తడిమట్టికి అల్యూమినియం అంటే ఆకలి. గోతిలో మీరు చూసిన తెల్లపొడి అదే. పొడినేలలో, మట్టికి తగలకుండా గాలిలో కట్టుకునేవాళ్ళు వాడుకోవచ్చు. బందరులో పూడ్చకండి.

ఇక రాగి. మోటారు వైండర్ ఇంట్లో రాగికి కొదవేమిటి అంటారు. కొదవ లేదు గానీ అది మనది కాదు. కాలిన కాయిలు తూకానికి పోతాయి, అందులోంచే కొత్త తీగ డబ్బు సగం రావాలి. అయినా 1999లో మనసు గట్టి చేసుకుని, కాలిన కాయిల్లోంచి పొడవాటి ముక్కలు ఏరి, అతికి, పదహారు తీగలు వేశాను. ఉత్త రాగి. ఆ ఐదేళ్ళు నా రేడియో జీవితంలో మంచి రోజులు. మా నేలలో రాగికి పచ్చగా చిలుం పట్టింది, పట్టినా బతికింది. చెడింది ఒక్కచోటే. పైపు మొదట్లో జీఐకీ రాగికీ ముడిపడే చోట. రెండు వేరు లోహాలు, ఉప్పు తడి, ఇంకేముంది, బ్యాటరీ తయారైనట్టే. జింకు కరిగి రాగిని పోషించింది, బోల్టు కింద పైపు జల్లెడైంది.

ఓడరేవు ఊరివాణ్ణి, ఈ కథ చెప్పకుండా ఉండలేను. 1824లో హంఫ్రీ డేవీ ఇంగ్లండులో ఇదే గుణాన్ని ఉపాయంగా వాడాడు. నావికాదళం ఓడల అడుగున కొట్టిన రాగిరేకుని సముద్రం తినేస్తుంటే, దానికి అక్కడక్కడ ఇనప, జింకు దిమ్మెలు తగిలించమన్నాడు. దిమ్మెలు కరిగాయి, రాగి నిలిచింది. అయితే కరగని రాగికి విషం లేదు. నాచు, గుల్లలు అడుగంతా పట్టి ఓడలు నడవలేకపోయాయి. ఏడిసినట్టే ఉంది అని దిమ్మెలు పీకేశారు. నేను మాత్రం పైపుకీ రాగికీ మధ్య స్టెయిన్‌లెస్ వాషరు వేసి, గ్రీజు రాసి, పైన సైకిలు ట్యూబు చుట్టి సరిపెట్టాను.

రాగికి ఉన్న మరో చావు దొంగ. 2004 డిసెంబరులో ఒక రాత్రి, మేము పెళ్ళికి గుడివాడ వెళ్ళినప్పుడు, ఎవరో దొడ్డిగోడ దూకి పదహారు తీగల్నీ ఒక కొస పట్టుకుని లాగేశారు. నేను గునపంతో నెల రోజులు పూడ్చినదాన్ని అరగంటలో ఒడుపుగా చుట్ట చుట్టుకుపోయారు. అమెరికాలో పెద్ద స్టేషన్ల కింద కూడా ఇలాగే లాగేస్తుంటారు. ఎవరి మీదా నాకు అనుమానం లేదు. మూడో నాడు పాత సామాన్ల కొట్టు ముందు నుంచి పోతుంటే పచ్చ చిలుం పట్టిన తీగచుట్ట ఒకటి కాటా మీద కనబడింది. రాగి మీద పేరు రాసి ఉండదు. అడగలేదు.

ఆ నెలాఖరులోనే సునామీ వచ్చింది. మంగినపూడి తీరంలో మనవాళ్ళు పోయారు. ఆ సమయానికి భారతీ ప్రసాద్ గారి బృందం హ్యామ్ రేడియో పనిమీద పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది. ఫోన్లు చచ్చిపోయిన అండమాన్ నుంచి ఆవిడ గొంతు ద్వారా జనం క్షేమసమాచారాలు బయటికి వచ్చాయి. నేను విన్నాను, అంతే. వినడానికి రేడియల్స్ లేకపోయినా పెద్ద లోటు రాదు, చెవిలో హోరు, గొంతు రెండూ కలిసే తగ్గుతాయి. పలకడానికే కావాలి. అలాంటప్పుడు పిలవనివాడు నోరు మూసుకోవడమే సేవ, అది వేరే మాట. పిలిచినా పలకలేకపోయేవాణ్ణి అన్నది మాత్రం నాకు ముల్లులా గుచ్చుకుంది.

అదే పోర్ట్ బ్లెయిర్‌కి అప్పటికి సుమారు వందేళ్ళ కింద వైర్‌లెస్ వచ్చిందని తర్వాత చదివాను. 1905 ప్రాంతంలో బర్మా తీరంలోని డైమండ్ ఐలండ్‌కీ పోర్ట్ బ్లెయిర్‌కీ మధ్య మూడు వందల మైళ్ళు కలిపారు. వాడింది మార్కోనీ పద్ధతి కాదు. ఆలివర్ లాడ్జ్, మూర్‌హెడ్ అనే ఇద్దరిది. లాడ్జ్‌కి ఎర్త్ అంటే పడదు. మట్టిని తాకితే శ్రుతి చెడుతుందని ఆయన వాదన. నేలకి తగలకుండా, దాని మీద విడిగా పరిచిన తీగల్నే రెండో సగంగా వాడాడు. ఆ మార్కోనీ, లాడ్జ్ తగవులో నేను పుట్టుకతో మార్కోనీ పక్షం. ఎర్త్ అంటే మట్టిని కరుచుకోవాలి, ఉత్త లోహం ఉండాలి అని నా నమ్మకం. మోటారు చుట్టేవాడికి అలాగే నేర్పుతారు. లాడ్జ్ గురించి చదివాక అనుమానం వచ్చింది. రేడియో కరెంటు తీగలోకి రావడానికి మట్టి తగలాల్సిన పని లేదు. తీగకీ నేలకీ మధ్య ప్లాస్టిక్ ఉన్నా, కండెన్సరు ప్లేట్ల మధ్య దాటినట్టు దాటుతుంది. తొడుగు ఉన్న తీగ, లేని తీగ రేడియల్‌గా ఒకటే. అలాంటప్పుడు ఉత్త రాగిని ఉప్పుకి అప్పగించడం దేనికి?

ఆ వారం నా బల్ల మీద నూజివీడు మోటారు ఒకటి ఉంది. బోరులో వందల అడుగుల లోతున, నీళ్ళతో నిండిన ఒంటితో పనిచేసే సబ్‌మెర్సిబుల్. దాని తీగకి ఎనామిల్ సరిపోదు. రాగి మీద పాలిథిన్ లాంటి సన్నటి పొరలు పేటలు పేటలుగా చుట్టి వస్తుంది. పాలీరాప్ అంటాం. ఏళ్ళ తరబడి నీళ్ళలో, వేడిలో, 400 వోల్టుల కింద బతకడానికే దాన్ని చేశారు. నేను అప్పటికి పాతికేళ్ళుగా ఆ తీగ చుడుతున్నాను. నా దొడ్లోకి మాత్రం కట్టుడు తీగ కొనుక్కొచ్చాను! హైదరాబాదు అష్హర్ ఫర్హాన్ గారు బిటెక్స్ అనే రేడియో తయారుచేసి కాయిళ్ళని కుళాయి వాషర్ల మీద చుట్టమని చెప్పినప్పుడు, మన చేతి కింద ఉన్న సరుకు మనకెందుకు కనబడదా అని సిగ్గుపడ్డాను.

2005 సంక్రాంతి వెళ్ళాక పాలీరాప్‌తో పదహారు తీగలు, పది మీటర్లవి, పరిచాను. 19 గేజిలో మొత్తం రాగి కిలో చిల్లర. దొంగ దానికి రాడు. పైన ప్లాస్టిక్ వలిచే శ్రమకి గిట్టదు. పందికొక్కు మాత్రం వచ్చింది, రెండు చోట్ల కొరికింది. కొరికిన చోట రాగి పచ్చబడి తెగింది. అతికి తారు పూశాను. ఆ పూత పూస్తుంటే ఓషాగ్నెస్సీ మద్రాసు గుడ్డ గుర్తొచ్చింది. ఇరవై ఏళ్ళలో నేను చేసిన మరమ్మతు అదొక్కటే.

రాగిపూత ఉక్కు తీగలూ ఉన్నాయి. గాలిలో బాగా పనిచేస్తాయి. మట్టిలో పూతకి సూదిబెజ్జం పడితే లోపల ఉక్కు కుళ్ళి, బయట బాగున్నట్టే కనబడుతుంది. నాకు అలాంటి మనుషులన్నా పడదు.

పునాది గోతిలో ఈ తవ్వకం జరిగినప్పుడు నా పక్కన నూజివీడు కుర్రాడొకడు ఉన్నాడు. వాళ్ళ నాన్న నా పాత ఖాతాదారు. కొత్తగా లైసెన్సు వచ్చింది, మామిడితోటలో నిలువు ఏరియల్ పెడతానని అంతకుముందు ఫోను చేసి "బాబాయ్ గారూ, రేడియల్స్‌కి ఏ తీగ కొనమంటారు?" అని అడిగాడు. ముందు మీ మట్టి పట్టుకురా అన్నాను. టిఫిను బాక్సులో తెచ్చాడు. ఎర్రటి గరప, మధ్యలో గులకరాళ్ళు. దాన్నీ, నా గోతిలో నల్లటి చవుడునీ పక్కపక్కన పెట్టి చూపించాను. సముద్రపు నీరు మామూలు నేల కన్నా వెయ్యి రెట్లు బాగా కరెంటుకి దారిస్తుంది. మా దొడ్డి ఆ నీటికి మేనల్లుడు. మీ తోట దానికి ఏమీ కాదు. నా దగ్గర పదహారు తీగలకే పలుకుతుంది, నీకు అంతకు రెట్టింపు కావాలి. కానీ నీ నేలలో ఇనుము కూడా ఎంతో కొంత కాలం ఉంటుంది, నా నేలలో బంగారమైతే తప్ప నమ్మలేం. రేడియో బతికే నేలలో తీగ బతకదు రా, తీగ బతికే నేలలో రేడియో బతకదు అన్నాను. వాడు నవ్వాడు. నేను నవ్వలేదు, నలభై ఏళ్ళ ఖర్చు అది.

"అయితే లావు తీగ కొంటాను" అన్నాడు. ఇక్కడే అందరూ పడతారు. తీగలు ఎక్కువైన కొద్దీ ఒక్కోదాని వాటాకి వచ్చే కరెంటు తగ్గుతుంది. పైతోలు మీద పాకే కరెంటుకి లోపలి లావు ఎందుకు? కిలో రాగితో 19 గేజిలో పదహారు తీగలు వస్తే, అదే కిలోతో 22 గేజిలో ముప్ఫై రెండు వస్తాయి. వాడికి ముప్ఫై రెండే మేలు. రూడీ సెవర్న్స్ అనే అమెరికా హ్యామ్ ఓపిగ్గా కొలిచి చూసి, నాలుగు నుంచి పదహారుకి పోతే లాభం బాగా ఉందని, ముప్ఫై రెండు దాటాక పెద్దగా ఏమీ లేదని రాశాడు. తీగలు తక్కువున్నప్పుడు ఒక్కోదాన్ని మరీ పొడుగు చేస్తే నష్టం కూడా వస్తుందని అందులోనే ఉంది. తోటలో చోటుంది కదా అని వీడు నాలుగు తీగల్ని ఆ చివరిదాకా లాగేవాడే.

మేస్త్రీ మధ్యాహ్నం భోజనానికి వెళ్ళొచ్చేలోపు నా పాల తీగలు రెంటిని కోసి, పునాది కింద నుంచి అరంగుళం పీవీసీ పైపు ముక్క పెట్టి అవతలికి దూర్చి, మళ్ళీ అతికాను. అవతల పక్క ఖాళీ స్థలం. వాళ్ళు ఇల్లు కట్టినప్పుడు చూసుకుందాం. ఇనప గీతనీ తెల్లపొడినీ అలాగే వదిలేసి కాంక్రీటు పోయించాను.

సాయంత్రం కుర్రాణ్ణి షాపుకి తీసుకెళ్ళాను. పాలీరాప్ 22 గేజి బాబిను కాటా మీద పెట్టి, కిలోన్నర తూచి ఇచ్చాను, తెగినవాటికీ పందికొక్కులకీ కలిపి. డబ్బు రాగి ధరకే తీసుకున్నాను. వాడు టిఫిను బాక్సు మర్చిపోయి బస్సెక్కాడు. ఎర్రమట్టితో అది ఇంకా నా బల్ల మీదే ఉంది.